అబిడ్స్‌లో బిజ్జుకు సన్మానం

నేను హైదరాబాదు వెళ్లింది ఒక బాలింతను ఇంటికి తీసుకురావడానికి. బయలుదేరేటప్పుడు ఆమె బాలింత అని నాకు తెలియదు. నన్ను పిలిచినవాళ్లకైతే ఆమె ఆడదో మగదో కూడా తెలియదు.

నేను అచ్చంపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. నల్లమల అంచున ఉన్న ఊరు కాబట్టి ఎవరి దొడ్లో ఏ జీవి దూరినా ఫోను నాకే వస్తుంది. ఆ రోజు మాత్రం ఫోను హైదరాబాదు అబిడ్స్ నుంచి వచ్చింది. మా మండలం చింతపండు కొనే హోల్‌సేల్ వ్యాపారి ఈశ్వరయ్య సేటు మాట్లాడాడు.

"మేడం, మీ ఊర్ల లోడైన లారీల చింతపండు బస్తాల నడుమ ఏందో జంతువు వచ్చింది. కుక్కనా, ఎలుగు పిల్లనా సమజైతలేదు. ఒళ్లంత నలుపు, నెత్తి మీదికెల్లి వీపు దాక తెల్ల దుప్పటి కప్పినట్టున్నది. తేనె డబ్బా చింపి సగం తాగింది. హమాలీ బూటు గూడ కొరికింది."

తెల్ల దుప్పటి అనగానే అర్థమైంది. అది హనీ బ్యాడ్జర్. హైదరాబాదువాళ్లు బిజ్జు అంటారు. మా వైపు అడవిలో ఉన్నా, రాత్రిపూట ఒంటరిగా తిరిగే జంతువు కావడంతో దాన్ని చూసినవాళ్లు తక్కువ. ఊరి చివర, గట్టు పక్కన లారీ నింపుతుంటే లోపలి తేనె డబ్బాల వాసనకు ఎక్కి ఉంటుంది. పైన తాడిపత్రి కట్టేశారు. పాపం, టికెట్ లేకుండా రాజధానికి చేరింది.

వెంటనే సరితకు ఫోను చేశాను. సరిత ఒకప్పుడు నా స్టూడెంటు, ఇప్పుడు మా వైపు అడవిశాఖ ఆఫీసరు. "బోను, వ్యాను వేరే పని మీద దూరంల ఉన్నయి మేడం. రేపు పొద్దుగాల నేను తీస్కొని వస్త. మీరు ముందు పోయి, జనం దాన్ని ఏం చెయ్యకుంట జర చూడున్రి" అంది. నేను బస్సెక్కాను.

గౌలిగూడ

బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. అబిడ్స్ వెనక గల్లీ, చింతపండు గోదాం అని చెప్పగానే ఆటో అతను వెనక్కి తిరిగాడు.

"బిజ్జు ఉన్న గోదామా? అమ్మో! నిన్న రాత్రి మనిషంత లేచి నిలబడ్డదట. కబరస్తాన్‌ల శవాలు తీసి తింటదట."

"నువ్వు చూసినవా?"

"నేను చూడలే. మా బామ్మర్ది చూసిండు."

హైదరాబాదులో వింతలన్నీ ముందుగా చూసేది ఆటోవాళ్ల బామ్మర్దులే అని నాకు ఆ ఒక్క ప్రయాణంలో తెలిసింది. సుల్తాన్ బజారు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ ఆయన బామ్మర్ది చూసిన మిగతా విషయాలు విన్నాను. దిగాక మాట్లాడుకున్నదానికి పైన ఇంకో ఇరవై అడిగాడు. బిజ్జు ఉన్న గల్లీకి రిస్కు ఎక్కువట.

గల్లాగది

మీలో ఆ గల్లీలు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. అబిడ్స్ మెయిన్ రోడ్డు మీద అద్దాల షాపులు, బొమ్మలకు కట్టిన చీరలు ఉంటాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే నిజాం కాలం నాటి గోడలు, షాబాదు బండల నేల, ముక్కుపుటాలు అదిరే వాసనలు వస్తాయి. ఈశ్వరయ్య గోదాంలో చింతపండు వాసనకు ఆ రోజు ఇంకో వాసన తోడైంది. బిజ్జుకు తోక కింద ఒక గ్రంథి ఉంటుంది. కోపం వచ్చినా భయం వేసినా దాన్ని వదులుతుంది. గల్లీ మొత్తం ముక్కులకు రుమాళ్లు కట్టుకుని మరీ చూడటానికి వస్తోంది.

గోదాం మూలన ఇనుప ఊచల గది ఒకటి ఉంది. ఈశ్వరయ్య నాన్నగారు అందులో కూర్చుని డబ్బు లెక్కపెట్టేవారట. హమాలీలు తేనె డబ్బాను అందులోకి దొర్లిస్తే బిజ్జు దాని వెంటే వెళ్లింది. బయట గొళ్లెం పెట్టారు. ఈశ్వరయ్య ఇప్పుడు బయట చింతపండు బస్తా మీద కూర్చుని వ్యాపారం చేస్తున్నాడు.

"నా గల్లాల నన్నే రానిస్తలేదు మేడం" అన్నాడు.

లోపలికి చూశాను. కురచ కాళ్లు, బలమైన మెడ, ముందు పంజాలకు వేలంత గోళ్లు. రెండు బండల మధ్య సున్నం అప్పటికే తవ్వేసింది. ఎవడో కర్రతో పొడవబోతే, కర్రను కొరికి వాడి వైపే ఎదురొచ్చింది. దాని తోలు మందం, పైగా వదులు. ఎవరైనా మెడ పట్టుకున్నా ఆ తోలులోనే తిరిగి పట్టుకున్నవాడిని కరవగలదు. ఆ సంగతి చెప్పి కర్ర లాగేసుకున్నాను.

అప్పుడే అది ఊచలు పట్టుకుని నిటారుగా లేచింది. కడుపు కనిపించింది. చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు రాలి ఉన్నాయి. పాలిచ్చే తల్లి.

బిజ్జుకు మామూలుగా ఒక్కటే పిల్ల. కళ్లు తెరవకుండా, ఒంటి మీద బొచ్చు లేకుండా పుడుతుంది. తండ్రి పట్టించుకోడు. గుంపు ఉండదు, అత్తలూ పిన్నులూ ఉండరు. తల్లి వేటకు వెళ్తే పిల్ల బొరియలో ఒక్కతే ఉంటుంది. తల్లి రాకపోతే ఇంకెవరూ రారు. అక్కడ, మా ఊరి చివర ఏదో బొరియలో ఆ పిల్ల ఉంది. తల్లి ఇక్కడ గల్లాగదిలో అరటిపండ్ల మధ్య ఉంది. జనం అరటిపండ్లు వేశారు, అగరొత్తులు వెలిగించారు, ఒకాయన కొబ్బరికాయ కూడా కొట్టాడు.

ఆ కొబ్బరికాయ కొట్టిన ఆయనే అడిగాడు: "మేడం, ఇది శవాలు తీస్తదంటరు. దీన్ని ఇడిచిపెడితే ఎట్ల? ఖతం చేస్తే పోలే?"

నేను క్లాసులో చెప్పినట్టు చెప్పాను. తవ్వడం దాని బతుకు. పురుగులు, ఎలుకలు, తొండలు, పాములు, తేనెపట్టులోని పిల్లపురుగులు దాని తిండి. మట్టి మెత్తగా ఎక్కడుంటే అక్కడ గోరు పెడుతుంది. అది సమాధి మట్టి అయితే నింద పడుతుంది. ఇక చంపడమంటారా, వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి ఉన్నచోటే.

"పులికాడనా?" అన్నారందరూ ఒక్కసారి.

నేను చేసిన తప్పు అదే. అప్పటిదాకా దాన్ని దొంగలా చూసినవాళ్లు వీఐపీలా చూడటం మొదలుపెట్టారు. నేను చాయ్ తాగేలోపు మూగజీవుల మిత్రమండలి కార్యదర్శి కామేశ్వరరావు గారు వచ్చేశారు.

కామేశ్వరరావు గారి తాతగారు యాభై ఆరులో గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చారట. ఈయన నాంపల్లిలో పుట్టి, నాంపల్లిలోనే రిటైరైనా మాటలో గుంటూరు చెక్కుచెదరలేదు. చేతిలో ఎప్పుడూ ఒక సంచి ఉంటుంది, అందులో ఎప్పుడూ ఒక శాలువా ఉంటుంది.

"ఎంత అదృష్టమమ్మా! పులితో సమానమైన ప్రాణి మన గల్లీకి వచ్చింది. దాన్ని ఊరికే పంపించేస్తే ఏం బావుంటుంది? రేపు పొద్దున చిన్న సభ పెట్టేద్దాం. ముఖ్య అతిథి గారు జెండా ఊపి పంపిస్తారు. ప్రజల్లో అవగాహన వస్తుందండీ."

"సార్, అది బాలింత. పిల్ల ఆకలికి చచ్చిపోతది."

"అందుకేనమ్మా, సభ చిన్నదే. అయిదు నిమిషాలు."

నాంపల్లి

స్టేషన్ రోడ్డులో లాడ్జి వెతుక్కున్నాను. కౌంటర్ దగ్గర కుర్రాడు నన్నూ నా సంచినీ చూసి, "లేడీస్ సింగిల్‌కు రూం ఇయ్యం" అన్నాడు. ఎందుకొచ్చారని అడిగితే బిజ్జు కోసం అన్నాను. అతని మొహం మారిపోయింది.

"బిజ్జు మేడమా? ముందే చెప్పొద్దా?" అని కిటికీ ఉన్న గది తాళం ఇచ్చాడు. ఆధార్ కార్డు జిరాక్సు కూడా అడగలేదు. ఆడదాన్ని కాబట్టి ఇవ్వని గది అడవి జంతువు పేరు చెప్పగానే దొరికింది.

పొద్దున్నే వీధిలో ఖిచ్డీ, ఖట్టా తిన్నాను. పచ్చగా పొగలు కక్కే ఖిచ్డీ మీద చింతపండు, నువ్వులు నూరిన పుల్లటి ఖట్టా పోస్తారు. మా ఊళ్లో చెట్టు మీద నుంచి రాలిన చింతకాయ ఇంత సోకు చేసుకుంటుందని నాకు తెలియదు. మా దగ్గర చింతపండంటే చారు, అంతే. ఇరానీ హోటల్లో చాయ్ ఇరవై రూపాయలన్నాడు. కప్పు చూస్తే మా ఊరి కప్పులో సగం. కానీ అందులో చెంచా పెడితే నిలబడేలా ఉంది కాబట్టి నోరు మూసుకుని తాగాను.

ఇక్కడి ఆచారం ఒకటి చెప్పాలి. మా ఊళ్లో ఎవరైనా రానంటే రారు. ఇక్కడ రానివాళ్లు కూడా 'అయిదు నిమిషాలల్ల వస్తున్న' అంటారు. విన్నవాళ్లు నమ్మరు, అయినా కూర్చుంటారు. ఇందులో ఎవరికీ కోపం ఉండదు. బయటి ఊరివాళ్లకే ప్రాణం మీదికి వస్తుంది.

వేదిక

నేను వెళ్లేసరికి గల్లీకి అడ్డంగా షామియానా వేసేశారు. ఫ్లెక్సీ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముఖ్య అతిథి నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. చుట్టూ మండలి సభ్యులు గుండ్రటి ఫొటోల్లో ఉన్నారు. కింది మూలన పాస్‌పోర్టు సైజులో జంతువు ఉంది. అది కూడా మనది కాదు. మొహం మీద నలుపు తెలుపు చారలున్న విలాయతీ బ్యాడ్జర్.

"సార్, ఇది ఇంగ్లండుది. గుంపుగా బతుకుతది. వానపాములు తింటది."

"గూగుల్లో బ్యాడ్జర్ అని కొడితే ఇదే వచ్చిందమ్మా. అయినా జనానికి భావం అందితే చాలు" అన్నారు కామేశ్వరరావు గారు.

అన్న మాట ప్రకారం సరిత వ్యాను, బోను, ఇద్దరు మనుషులతో వచ్చింది. బోనులో తేనె రాసిన పలక పెట్టి గల్లాగది తలుపుకు ఆనిస్తే తల్లి బిజ్జు కాసేపు బుసకొట్టి, ఆకలికి ఓడి లోపలికి వెళ్లింది. సరిత గొళ్లెం వేసింది. ఇక బయలుదేరడమే అనుకున్నాను. అంతలో సరిత ఫోను మోగింది. ఎవరో పై అధికారి. సరిత నాలుగుసార్లు "సరే సార్" అని పెట్టేసింది.

"ముఖ్య అతిథి వచ్చేదాక ఆగుమన్నరు మేడం" అంది నా మొహం చూడకుండా.

బోనును వేదిక మీదికి ఎక్కించారు. వాసన రాకుండా ముఖమల్ గుడ్డ కప్పారు. పైన బంతిపూల దండ వేశారు. కామేశ్వరరావు గారు సంచిలోంచి శాలువా తీసి బోను మీద కప్పి ఫొటో దిగారు. తర్వాత నాకూ ఒక శాలువా కప్పారు. వక్తనూ వన్యప్రాణినీ ఒకే రకంగా గౌరవించిన సభ అది.

జ్యోతి వెలిగించడానికి ముఖ్య అతిథి కావాలి. ఆయన వచ్చేదాకా ప్రార్థన, స్వాగతం, మండలి చరిత్ర సాగాయి. అయిదు నిమిషాల్లో వస్తున్నారని మైకులో పదేపదే చెప్పారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. సౌండు బాక్సు సరిగ్గా బోను పక్కనే పెట్టారు. నన్ను రెండు ముక్కలు మాట్లాడమంటే, "ఈ జంతువును కాపాడాలంటే ఇప్పుడే పంపించండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఎవరూ లేవలేదు.

నేను గుడ్డ అంచు ఎత్తి చూశాను. అది నోరు తెరిచి రొప్పుతోంది. నిన్నటి కోపం, ఇందాకటి బుస ఏమీ లేవు. కళ్లు మూసుకుని ఉంది. చనుమొన చివర ఒక పాలచుక్క నిలబడి ఉంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సభలో అందరినీ నా క్లాసులో పిల్లల్లా గోడకుర్చీ వేయించాలనిపించింది.

పక్కన ఈశ్వరయ్య నిలబడి ఉన్నాడు. ఆయన కూడా వంగి చూశాడు.

"మా కోడలు గిట్లనే బాలింత మేడం" అన్నాడు. "మనుమరాలు పుట్టినకాడికెల్లి కోడల్ని గడప దాటనియ్యలే. గాలి తగుల్తదని చెవులకు దూది పెట్టినం. స్నానానికి పోయి జర లేటైతే పిల్ల ఇల్లు పీకి పందిరేస్తది. దీన్నేమో స్టేజీ ఎక్కిచ్చి మైకు పెట్టినం."

"మరి ఏం చేద్దాం సేటూ?"

ఆయన వేదిక వెనక్కి చూశాడు. గోదాం వెనక తలుపు తెరిస్తే ఇంకో గల్లీ, అందులో సరిత వ్యాను. తలుపు పక్కన పాత ఇనుప ఎయిర్ కూలరు, బోనుకు కాస్త అటూ ఇటూ అంతే ఉంటుంది. నాకంటే ముందు సరితకు అర్థమైంది.

"మేడం, నాకు ముఖ్య అతిథి వచ్చేదాక ఆగుమన్నరు. నేను ఆగుత. జంతువు ఆగాలె అని ఎవరూ చెప్పలే" అంది.

మండలి చరిత్ర రెండో భాగం మొదలైంది. అందరి చూపూ మైకు మీద, మైకు పక్కనున్న కెమెరా మీద ఉంది. ఇద్దరు హమాలీలు బోనును గుడ్డ కింద నుంచి వెనక్కి లాగారు. ఇంకో ఇద్దరు కూలరును ముందుకు తోశారు. ముఖమల్ గుడ్డ, దండ, శాలువా ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదటి వరుసలో ఒకాయన చూశాడు. ఈశ్వరయ్య ఆయనకు దండం పెట్టాడు. ఆయన నవ్వి, ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

సరిత మాట మీద నిలబడి సభలోనే ఉండిపోయింది. బోనుతో పాటు వ్యానులో నేను వెళ్లాను.

నాంపల్లి దాటాక

డ్రైవరు సైరన్ లేకుండా, హారన్ కొట్టకుండా తీసుకెళ్లాడు. నాంపల్లి ట్రాఫిక్‌లో హారన్ కొట్టకుండా వెళ్లినవాడికి కూడా ఒక శాలువా కప్పొచ్చు. బోనుకు తడి గోనెపట్టా కప్పి, గిన్నెలో నీళ్లు పెట్టాం. ఊరు దాటాక లోపల నీళ్లు తాగిన చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరిగి కూర్చుని ఆ చప్పుడు విన్నాను.

చాలాసేపటికి ఈశ్వరయ్య ఫోను చేశాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"వచ్చిండు మేడం. శానా జల్దీల ఉన్నడు. గుడ్డ గూడ తియ్యలే. జెండ ఊపిండు. మైకుల ఏమన్నడో ఎరికేనా? 'ఈ మూగజీవి కండ్లల్లకు చూసిన, నా గుండె కరిగింది' అన్నడు. జనం కూలర్‌కు జిందాబాద్ కొట్టిన్రు. పోలీసులు దండం పెట్టిన్రు."

"కామేశ్వరరావు సార్?"

"ఆయన ఏడ్సిండు మేడం. సంతోషంతోని."

నాకు ఆయన మీద ఉన్న కోపం అక్కడితో తగ్గింది. ఆ కన్నీళ్లు అబద్ధం కావు. దేని కోసమో ఆయనకు తెలియదు, అంతే.

గట్టు దగ్గర

సాయంత్రం లారీ లోడు చేసిన చోటికి చేరాం. గట్టు మీద చెదపుట్టలు, తుప్పలు, నాలుగైదు బొరియలు. ఏది దానిదో నాకు తెలియదు. బోను గట్టు వైపు తిప్పి, గొళ్లెం తాడుతో లాగి, వ్యానులో అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాం. డ్రైవరు బీడీ కూడా ముట్టించలేదు.

అది వెంటనే రాలేదు. ముందు ముక్కు బయటపెట్టింది. తర్వాత ఒళ్లంతా. కాళ్లు వంకర పెట్టి, అటూ ఇటూ ఊగుతూ నడిచింది. పరుగెత్తలేదు. రెండు బొరియలు వాసన చూసి వదిలేసింది. మూడోదాని ముందు మట్టి రెండుసార్లు గీరి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏమీ లేదు. చీకటి పడుతోంది. లోపల పిల్ల బతికి ఉందో లేదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. పిల్లలకు ఇన్నేళ్లు పాఠం చెప్పాను గానీ, నిరీక్షణ ఇంత బరువుగా ఉంటుందని ఏ చాప్టరులోనూ లేదు. డ్రైవరు మెల్లగా, "పోదామా మేడం?" అన్నాడు. జర ఆగమన్నాను.

అప్పుడు వచ్చింది. నోట్లో ఏదో వేలాడుతోంది. చచ్చిన ఎలుక అనుకున్నాను. అంతలో ఆ వేలాడేది కాలు ఆడించింది. నాలుగు కాళ్లూ ఆడించింది. తల్లి దాన్ని ఒకసారి కింద పెట్టి, మెడ మీద పట్టు సరిచేసుకుని, మళ్లీ ఎత్తుకుని గట్టెక్కింది. మా వైపు చూడలేదు. కొండవైపు తుప్పల్లోకి వెళ్లిపోయింది. నేను ఏడ్చాను, డ్రైవరు అటు తిరిగాడు.

బిజ్జు తల్లి ఒకే బొరియలో ఎక్కువ రోజులు ఉండదు, పిల్లను నోట కరుచుకుని కొత్తదానికి మారుస్తూనే ఉంటుంది. మనుషుల వాసన తగిలిన ఇంట్లో ఆ ఒక్క పూటైనా ఉండదలుచుకోలేదు. నేను దాన్ని తప్పుపట్టను.

తర్వాతి వారం కామేశ్వరరావు గారు ఫోను చేశారు. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది.

"అమ్మా, మంచి వార్త. ఆ జీవి నివాసం దగ్గర శిలాఫలకం పెట్టిస్తున్నామండీ. ముఖ్య అతిథి గారే వచ్చి ఆవిష్కరిస్తానన్నారు. ఆ బొరియ లొకేషన్ కాస్త పంపిస్తారా?"

"ఇల్లు మారిందండి" అన్నాను.

"అయ్యో! ఎక్కడికి?"

"చెప్పలేదండి."